కృష్ణా జలాశయాల పటం: తెలుగు వచ్చిన పనిముట్టు కోసం

జూన్ మొదటి వారం: పని ఏమిటంటే

మిర్యాలగూడ దగ్గర మా మేనమామ ఊళ్ళో సాగునీటి సంఘం వాళ్ళు కార్యాలయం గోడకు పెట్టుకోవడానికి ఒక పటం అడిగారు. ఆలమట్టి నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా వరుసగా ఉన్న జలాశయాల్లో ఏడాది పొడవునా నీళ్ళు ఎప్పుడు పెరిగాయో, ఎప్పుడు తరిగాయో ఒకే కాగితం మీద కనిపించాలి. పేపర్లో రోజూ వచ్చే పట్టికను వాళ్ళు ఎలాగూ చూస్తారు. కానీ పట్టిక ఆ రోజు సంగతి చెప్పి ఊరుకుంటుంది. ఏడాది నడక అందులో కనిపించదు.

తీసుకున్నది 2024-25 నీటి సంవత్సరం, అంటే 2024 జూన్ 1 నుంచి 2025 మే 31 దాకా. కాగితం ఏ1 సైజు, 594 మిల్లీమీటర్ల వెడల్పు, 841 మిల్లీమీటర్ల ఎత్తు. ఇదే బొమ్మ ఫోనులోనూ తెరుచుకోవాలి, వేళ్ళతో ఎంత పెద్దది చేసినా గీత చెదరకూడదు. ఏ1 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల లెక్కన పిక్సెళ్ళతో నింపాలంటే దాదాపు 7 కోట్ల పిక్సెళ్ళు కావాలి. పైగా ఒక్క అంకె మారినా బొమ్మంతా మళ్ళీ ముద్రకు సిద్ధం చేయాలి. వెక్టర్ బొమ్మలో గీత అంటే కొన్ని అంకెలు, అంతే. అందుకే ఎస్‌వీజీ. 2001లో వెబ్ ప్రమాణాల సంస్థ సిఫారసుగా ఆమోదించిన ఈ రూపం ఇప్పుడు ప్రతి బ్రౌజరుకూ తెలుసు. పైగా అది మామూలు పాఠం. ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవొచ్చు, నిన్నటి ఫైలుకూ ఈనాటి ఫైలుకూ తేడా చూడొచ్చు.

బొమ్మ రూపం గురించి నాకు సందేహం లేదు. ఆ బొమ్మను అంకెల నుంచి ఏ పనిముట్టుతో పుట్టించాలన్నదే తేలాలి. ఈ డైరీ దాని కోసమే.

జూన్ రెండో వారం: అంకెలను దారికి తేవడం

పనిముట్టు కంటే ముందు సమాచారం. ఎనిమిది జలాశయాలు: ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, తుంగభద్ర, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. ఆలమట్టి, నారాయణపూర్ మట్టాలు మీటర్లలో వస్తాయి. మిగతావి ఎక్కువగా అడుగుల్లో. ఆలమట్టి పూర్తిస్థాయి మట్టం 519.6 మీటర్లు, శ్రీశైలం 885 అడుగులు, సాగర్ 590 అడుగులు. లక్షలకు, వేలకు మన పద్ధతిలో పెట్టిన కామాలు ఒక చోట ఉంటే, ఇంకో చోట 'నిల్' అని ఉంటుంది, మరో చోట ఖాళీ. వీటన్నిటికీ పైథాన్‌లో పట్టికలను సవరించే పాండాస్ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడు) చక్కగా సరిపోయింది. ఈ భాగంలో మరో పనిముట్టు గురించి ఆలోచించలేదు.

ఇక్కడ ఒక తనిఖీ పద్ధతి రాసి పెట్టుకోవాలి. నీటి లెక్కలతో పని చేసేవాళ్ళందరికీ పనికొస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అది రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క అంకెతో ప్రతి రోజునూ సరిచూడొచ్చు. ఇన్‌ఫ్లోలోంచి అవుట్‌ఫ్లో తీసేసి 11,574తో భాగిస్తే, నిన్నటికీ ఈనాటికీ నిల్వలో వచ్చిన తేడాకు దగ్గరగా ఉండాలి. పట్టికలో ఉండేది ఉదయం ఒక వేళకు కొలిచిన ప్రవాహమే కనుక సరిగ్గా కలవదు, ఆవిరి కూడా ఉంటుంది. కానీ ఎక్కడైనా ఒక సున్నా జారిపోతే ఆ రోజు వెంటనే బయటపడుతుంది. తేడా 3 టీఎంసీలు దాటిన రోజులన్నిటినీ వేరే జాబితాగా తీసి, చేత్తో సరిచూశాను.

సమాచారం లేని రోజులను ఖాళీగానే వదిలేశాను. ముందు రోజునూ తర్వాతి రోజునూ కలిపి గీత లాగితే చూడటానికి బాగుంటుంది, కానీ ఎవరూ కొలవని నీటిని కొలిచినట్టు చూపించినట్టవుతుంది. ఖాళీ దగ్గర గీత తెగాలి. కాబట్టి పనిముట్టుకు మొదటి షరతు ఇదే.

జూన్ నెలాఖరు: మొదటి జల్లెడ

రెండో షరతు తెలుగు. ఇదే అసలైన జల్లెడ అవుతుందని ముందే అనుకున్నాను, అలాగే అయింది.

ఆంగ్లంలో రాసినవాళ్ళు పనిముట్లను పోల్చేటప్పుడు వేగం, అందం, ఎన్ని రకాల చార్టులు వస్తాయి అన్నవి చూస్తారు. మనం వాటికంటే ముందు 'శ్రీశైలం' అని రాయించి చూడాలి. యూనికోడ్‌లో ఈ మాట ఎనిమిది సంకేతాలు: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మళ్ళీ శ, ఐత్వం, ల, సున్న. కంటికి కనిపించాల్సినవి మూడు అక్షరాలు. ఈ ఎనిమిదింటినీ మూడుగా కూర్చే పనిని అక్షర కూర్పు యంత్రం చేయాలి. ఫాంటులో ఉన్న నియమాలను చదివి, ఇక్కడ పొల్లు పోయి రావత్తు రావాలి, గుడి శకారం తల మీద కూర్చోవాలి అని తేల్చేది అదే. హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ పనికి పేరు పొందింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లోపల ఉన్నది అదే. ఒక పనిముట్టు హార్ఫ్‌బజ్ లాంటిదాన్ని పిలుస్తుందా, లేక సంకేతానికి ఒక ముద్ర (ఫాంటులోని అక్షర రూపం) చొప్పున వరుసగా పేర్చుకుంటూ పోతుందా అన్న దాన్ని బట్టి మన భవిష్యత్తు తేలిపోతుంది.

మాట్‌ప్లాట్‌లిబ్‌తో మొదలుపెట్టాను. జాన్ హంటర్ 2003లో విడుదల చేసిన ఈ చార్టుల లైబ్రరీ పైథాన్ వాళ్ళకు ఇంటి మనిషి లాంటిది. సాగర్ నిల్వ గీత కొద్ది పంక్తుల్లో వచ్చింది. ఖాళీ రోజుల దగ్గర గీత దానంతట అదే తెగింది. పేరు దగ్గరికి వచ్చేసరికి నా దగ్గరున్న వెర్షన్ 'శ్రీ'ని ముక్కలు చేసింది: ఒక శ, దాని పక్కన పొల్లు గీత విడిగా, తర్వాత నిండు ర, దాని మీద గుడి. 'కృష్ణా'లో వట్రసుడి ఒక పక్కకు పోయింది, ణ ఒత్తు కావడానికి బదులు పూర్తి అక్షరంగా నిలబడింది. ఇలాంటి పటాన్ని రైతుల ముందు పెట్టడం నాకు ఇష్టం లేదు. చదవడం కష్టం కాబట్టి మాత్రమే కాదు, తమ భాష పట్ల అశ్రద్ధ చూపినట్టు ఉంటుంది కాబట్టి.

దీనికి ఒక దారి ఉంది. మాట్‌ప్లాట్‌లిబ్ ఎస్‌వీజీ రాసేటప్పుడు మామూలుగా అక్షరాలను గీతలుగా మార్చేస్తుంది. ఆ అమరికను మార్చి, పాఠాన్ని పాఠంగానే ఉంచమని చెప్పొచ్చు. అప్పుడు కూర్పు బాధ్యత బ్రౌజరుకు వెళ్తుంది, శ్రీశైలం శుభ్రంగా కనిపిస్తుంది. అయితే ఆ మాటకు ఎంత చోటు కావాలన్న లెక్క మాత్రం లైబ్రరీ తన పాత పద్ధతిలోనే వేసుకుంటుంది. ముక్కలు చేసిన అక్షరాల వెడల్పును బట్టి ఏ గీత ఏ జలాశయమో చెప్పే సూచిక పెట్టె గీస్తుంది కనుక పెట్టె ఒక కొలత, లోపలి మాట ఇంకో కొలత. ఎంప్ల్‌కైరో అనే వేరే గీత యంత్రాన్ని తగిలిస్తే కూర్పు సరిగ్గా వస్తుంది. విశ్లేషణ కోసం నేను ఇకముందూ మాట్‌ప్లాట్‌లిబ్‌నే వాడతాను. ఈ గోడ పటానికి మాత్రం కాదు.

బొమ్మలు గీసే కైరో లైబ్రరీని పైథాన్ నుంచి నేరుగా పిలిచి చూశాను. అందులో పాఠం రాసే తేలిక పద్ధతికి దాన్ని రాసినవాళ్ళే ఆటవస్తువు అని పేరు పెట్టారు. మన లిపిని అది కూర్చదు. కైరోకు పాంగో అనే పాఠం కూర్చే లైబ్రరీని జత చేస్తే కూర్పు బ్రహ్మాండంగా వస్తుంది. ఈ జత గుర్తుంచుకోదగినది. ముద్రణ దశలో పనికొస్తుంది.

జూలై తొలి రోజులు: ఆర్, వేగా

గణాంకాలవాళ్ళ ఆర్ భాషలో హాడ్లీ విక్‌హామ్ రాసిన జీజీప్లాట్2కు ఒక వ్యాకరణం ఉంది. ఏ అంకె ఏ అక్షం మీదికి వెళ్తుంది, ఏది రంగు అవుతుంది, ఏది మందం అవుతుంది అని చెప్పుకుంటూ పోవడమే. ఆలోచన స్పష్టపడటానికి ఇంతకంటే మంచి పాఠశాల లేదు. ఎస్‌వీజీ కోసం దాని జతగా వాడే ఎస్‌వీజీలైట్ ప్రతి మాటకూ ఎంత పొడవు ఉండాలో ఫైల్లో రాసి పెడుతుంది. ఆ కొలతకూ అసలు మాటకూ తేడా వస్తే బ్రౌజరు అక్షరాలను సాగదీస్తుంది, లేదా నొక్కేస్తుంది. సాగిన గుండ్రని తెలుగు అక్షరం చూడలేం. ఆ కొలతను రాయవద్దని చెప్పే అమరిక ఉంది. వాడాను, సరిపోయింది.

వేగా-లైట్ ఇంకో తరహా. బొమ్మ వివరణంతా జేసన్ అనే పాఠ రూపంలో రాస్తే అదే గీసి పెడుతుంది. చిన్న చార్టు కోసమైతే రెండో ఆలోచన లేకుండా దీన్నే తీసుకోమంటాను. మన పటంలో ఎనిమిది వరుసలు, ఒక్కో వరుసకు ఒక్కో ఎత్తు, మధ్యలో పూడిక గుర్తులు, పక్కన అడుగుల కొలబద్ద. ఇవన్నీ దానికి చెప్పడానికి పట్టే శ్రమ, నేరుగా గీసే శ్రమను మించిపోయింది.

జూలై రెండో వారం: డీ3, ఎంతో మంచిది

డీ3 గురించి కాస్త ఎక్కువ రాయాలి. మైక్ బోస్టాక్, జెఫ్రీ హీర్, వాదిమ్ ఒగియెవెట్‌స్కీ స్టాన్‌ఫర్డ్‌లో పని చేస్తూ 2011లో దీన్ని బయటికి తెచ్చారు. ఇది చార్టులు ఇచ్చే లైబ్రరీ కాదు. సమాచారంలో ఒక్కో వరుసకు బొమ్మలో ఒక్కో వస్తువును ముడివేసే లైబ్రరీ. బ్రౌజర్లోనే నడుస్తుంది కనుక తెలుగు సమస్య పుట్టనే పుట్టదు. గీసిన మాట నిజంగా ఎంత చోటు తీసుకుందో బ్రౌజరునే అడిగి తెలుసుకోవచ్చు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది వక్రరేఖల భాగం. చుక్కల మధ్య గీతను ఏ పద్ధతిలో లాగాలో మనమే ఎంచుకుంటాం. ఈ ఎంపిక అలంకారం అనుకుంటారు చాలామంది. కాదు. తుంగభద్ర గీతను చూస్తే తెలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అప్పటికి జలాశయం నిండుగా ఉంది. గేటు చోట అడ్డుగా పెట్టే స్టాప్‌లాగ్ దించడానికి వీలుగా నీళ్ళు వదలాల్సి వచ్చింది. గీత నిటారుగా కిందికి పడి, తర్వాతి వర్షాలతో మళ్ళీ లేచింది. బీ-స్ప్లైన్ పద్ధతిలో గీస్తే గీత చుక్కల మీదుగా పోదు, పక్కనుంచి పోతుంది. ఆ గండి మెత్తని పల్లంలా కనిపిస్తుంది. మరో రకం వక్రరేఖ చుక్కలను తాకుతుంది కానీ మలుపుల దగ్గర పైకి పొంగుతుంది. శ్రీశైలం నిండిన రోజుల్లో గీత 215.81 టీఎంసీల సామర్థ్యాన్ని దాటి కనిపిస్తుంది. ఆ ఏడాది ఎన్నడూ లేని నీళ్ళు కాగితం మీద పుట్టుకొస్తాయి. అందుకని తిన్నని గీతలే వాడాలని నిర్ణయించాను. రోజుకో చుక్క ఉన్నప్పుడు తిన్నని గీతలే చాలినంత నునుపుగా ఉంటాయి.

డీ3నే ఎందుకు ఖాయం చేయలేదు? ఈ పటం బ్రౌజర్లో కదలాల్సిన అవసరం లేదు. కమాండ్ ఇస్తే ఫైలు రావాలి. బ్రౌజరు లేకుండా సర్వరు వైపు నడిపితే మాటల వెడల్పు కొలిచే సౌకర్యం పోతుంది, ఎందుకంటే అక్కడ నిజంగా గీసేవాళ్ళు ఎవరూ లేరు. అది కావాలంటే తెర లేకుండా నడిచే బ్రౌజరు క్రోమియమ్‌ను లోపల నడపాలి. పైగా అంకెల పని పైథాన్‌లో, గీత పని జావాస్క్రిప్ట్‌లో అంటే రెండు భాషలు. రేపు ఆ ఊళ్ళో డిగ్రీ చదివే కుర్రవాడు ఎవరైనా దీన్ని ఏటా నడపాలి. వాళ్ళకు కాలేజీలో పైథాన్ నేర్పుతున్నారు. ఈ కారణం సాంకేతికం కాకపోయినా నాకు అన్నిటికంటే బరువైనది.

జూలై మూడో వారం: నేరుగా ఎస్‌వీజీ

నిర్ణయం జరిగింది. చార్టు లైబ్రరీ ఏదీ వద్దు. పాండాస్‌తో అంకెలు సిద్ధం చేసి, పైథాన్‌తో పాటే వచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్ మాడ్యూలుతో ఎస్‌వీజీని నేరుగా రాస్తున్నాను.

ఇది భయపెట్టే పని అనిపిస్తుంది కానీ ఎస్‌వీజీలో మార్గం రాయడం కలం పట్టడం కంటే కష్టమేమీ కాదు. 'ఎమ్' అంటే కలం ఎత్తి కొత్త చోట పెట్టడం. 'ఎల్' అంటే అక్కడి నుంచి తిన్నగా గీత లాగడం. 'జెడ్' అంటే మొదలుపెట్టిన చోటికి కలిపి మూయడం. ఈ మూడూ చాలు. సమాచారం లేని రోజు వస్తే ఆ ముక్కను మూసి, తర్వాతి రోజున కొత్త 'ఎమ్'తో మొదలుపెడతాను. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: నిలువు అక్షం పైనుంచి కిందికి పెరుగుతుంది. కనుక నిల్వ ఎత్తును వరుస కింది గీత నుంచి తీసివేయాలి.

కొలతలు ఇలా పెట్టుకున్నాను. బొమ్మ చట్రం 594, 841. వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో ప్రకటించాను. దీంతో కోడులో 1 అంటే కాగితం మీద 1 మిల్లీమీటరు. స్కేలు పెట్టి ముద్రిత పటాన్ని కొలిచి కోడుతో పోల్చుకోవచ్చు. రోజుకు 1.4 మిల్లీమీటర్లు, కాబట్టి 365 రోజులకు 511. మిగిలింది అంచులకు, పేర్లకు. టీఎంసీకి అర మిల్లీమీటరు. సాగర్ 312.05 టీఎంసీలకు 156 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. జూరాల 9.66 టీఎంసీలకు 5 మిల్లీమీటర్లు కూడా రాదు. ప్రకాశం బ్యారేజీ 3.07 టీఎంసీలు ఒకటిన్నర మిల్లీమీటరు.

జూరాలకు కాస్త ఎత్తు పెంచితే బాగుంటుందని ఒక మిత్రుడు అన్నాడు. పెంచను. ఎనిమిదింటికీ ఒకే కొలత ఉండాలి. జూరాల ఎంత చిన్నదో, సాగర్ ఎంత పెద్దదో ఒక్క చూపులో తెలియడమే ఈ పటం ప్రయోజనం. చార్టు లైబ్రరీలు మామూలుగా ప్రతి వరుసనూ దాని గరిష్ఠానికి సాగదీస్తాయి, లేదా అన్ని వరుసలకూ ఒకే ఎత్తు ఇస్తాయి. మనం ఆ అలవాటుతో పోరాడాలి. నేరుగా రాస్తే ఆ పోరాటమే లేదు.

నిరూపకాలను రెండు దశాంశాలకు కుదించాను. మిల్లీమీటరులో నూరో వంతు కంటే సన్నని తేడా గోడ పటంలో కంటికి కనిపించదు. ఫైలు బాగా చిన్నదైంది. ఫైల్లో తేదీ, యాదృచ్ఛికంగా పుట్టే పేర్లు ఏవీ లేవు కనుక ఒకే సమాచారానికి ఎన్నిసార్లు నడిపినా అక్షరం తేడా లేకుండా అదే ఫైలు వస్తుంది. ఒక అంకె దిద్దితే, ఫైళ్ళలో మార్పులను నమోదు చేసే గిట్ ఆ ఒక్క మార్గాన్నే చూపిస్తుంది. మాట్‌ప్లాట్‌లిబ్‌లో ఇది కావాలంటే రెండు మూడు అమరికలు వెతికి మార్చాలి.

జూలై చివర: పూడిక

పటంలో పెట్టాలని మొదటి నుంచీ అనుకున్నది ఒకటుంది. కట్టినప్పుడు శ్రీశైలం సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలో ఉన్నది 215.81. సాగర్ 408 నుంచి 312కు వచ్చింది. తుంగభద్ర 133 నుంచి 105.79కి. పూడిక ఇంత మింగింది. మూడూ కలిపితే 215 టీఎంసీల పైమాట, అంటే దాదాపు ఇంకో శ్రీశైలం. దీన్ని మాటల్లో చెబితే ఎవరికీ తగలదు.

ఈ మూడు వరుసల్లో ఇప్పటి పూర్తి నిల్వ గీత పైన, పాత సామర్థ్యం దాకా ఏటవాలు గీతలతో నింపాను. ఎస్‌వీజీలో ఇందుకు 'ప్యాటర్న్' అనే వస్తువు ఉంది. చిన్న గడిలో ఒక గీత గీసి, ఆ గడిని పరవమంటే పరుస్తుంది. బూడిద రంగు, 0.2 మిల్లీమీటర్ల మందం. నీళ్ళు ఎంత నిండినా ఆ గీతల పట్టీలోకి రావు. చూసినవాళ్ళు మొదట అడిగేది ఈ పట్టీ గురించే.

ఆగస్టు మొదట్లో: అడుగులా, టీఎంసీలా

చిత్తు ప్రతిని మామయ్యకు చూపించాను. కాసేపు వేలితో సాగర్ గీత వెంట నడిచి, "ఒరేయ్, టీఎంసీల లెక్క పేపరు వాళ్ళకు. మాకు అడుగులు కావాలి. 510 దాటిందా లేదా, అదే మా లెక్క," అన్నాడు.

ఆయన అన్నది న్యాయం. సాగర్ కనీస నీటిమట్టం 510 అడుగులు. ఆయకట్టు మాటల్లో ఆ అంకె దొర్లని రోజుండదు. ఎడమ కాలువకు నీళ్ళ ఆశ దాని మీదే. కానీ మట్టాన్నే ఎత్తుగా గీస్తే నిల్వ గురించి తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. జలాశయం అడుగున ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. సాగర్‌లో 510 అడుగుల దగ్గర దాదాపు 131 టీఎంసీలు ఉంటాయి. 590 దగ్గర 312. అంటే పై 80 అడుగుల్లోనే సగానికి మించిన నీళ్ళు. శ్రీశైలంలో ఇది ఇంకా తీవ్రం. 854 అడుగుల దగ్గర సుమారు 90 టీఎంసీలు, 885 దగ్గర 215. పై 31 అడుగులు 120 టీఎంసీల పైన పట్టుకుంటాయి.

రెండూ చూపించాను. ఎడమ పక్క టీఎంసీలు, సమానమైన ఎడాల్లో. కుడి పక్క అడుగులు, అసమానమైన ఎడాల్లో, మట్టం-నిల్వ పట్టిక ప్రకారం. కింద అడుగుల గీతలు దగ్గర దగ్గరగా ఉండి, పైకి పోయేకొద్దీ దూరం జరుగుతాయి. ఈ కుడి కొలబద్దే జలాశయం ఆకారాన్ని చెప్పేస్తుంది. 510 దగ్గర వరుస పొడవునా ఒక గీత లాగి, 'కనీస మట్టం' అని రాశాను. నంపై అనే లైబ్రరీలో పట్టిక చూసి మధ్య విలువలు తేల్చే ఫంక్షన్ ఒక్కటి ఇందుకు చాలింది. మామయ్య రెండో ప్రతి చూసి ఏమీ అనకుండా పక్క ఊరి సంఘం వాళ్ళకు ఫోను చేశాడు.

ఆగస్టు మధ్య: ప్రవాహం

నిల్వ సరే, పారే నీళ్ళ సంగతి? నదిని రిబ్బన్లుగా, ప్రవాహాన్ని బట్టి మందంగా గీసే పద్ధతి ఉంది. శాంకీ చిత్రం అంటారు. ఒక రోజుకో, మొత్తం ఏడాదికో అది చక్కగా పనిచేస్తుంది. రోజురోజు మార్పు చూపలేదు కనుక వదిలేశాను. ప్రతి నిల్వ వరుస కింద దిగువకు వదిలిన నీటికి ఒక పలుచని పట్టీ పెట్టాను. లక్ష క్యూసెక్కులకు 2 మిల్లీమీటర్లు.

ఎనిమిది వరుసలకూ తేదీల అక్షం ఒకటే. దాంతో పైన ఎక్కడో మొదలైన వరద కింది వరుసల్లో కొద్ది కొద్దిగా కుడికి జరుగుతూ దిగడం కనిపిస్తుంది. సెప్టెంబరు మొదటి రోజుల దగ్గర మాత్రం ఆ వరస మారుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆలమట్టి వరుసలో అదే సమయంలో దానికి సరిపోయే ఉప్పెన లేదు. మునేరు లాంటి దిగువ ఉపనదులు ఒక్కసారిగా పొంగి సాగర్ నుంచి వస్తున్న నీళ్ళతో కలిశాయి. విజయవాడను ముంచిన బుడమేరు ఈ పటంలో లేనే లేదు. అది కృష్ణా జలాశయాల వరుసలోది కాదు. ఆ మాట పటం కింద చిన్న అక్షరాల్లో రాశాను, లేకపోతే చూసేవాళ్ళు ఈ ఒక్క పట్టీతోనే ఆ వరదను అర్థం చేసుకోబోతారు.

11.43 లక్షలు గరిష్ఠ ఘడియ అంకె, ఉదయపు పట్టికలోది కాదు. అందుకే దాన్ని పట్టీలో కలపకుండా విడి చుక్కగా పెట్టాను. ఆ వేగంతో రోజంతా పారితే 98 టీఎంసీలు దాటుతుంది, రెండు పులిచింతలలు నిండి ఇంకా మిగులుతాయి.

ఆగస్టు మూడో వారం: మాటలకు చోటు

నేరుగా ఎస్‌వీజీ రాయడంలో ఉన్న ఒకే ఒక లోటు, మాట ఎంత వెడల్పు తీసుకుంటుందో ముందుగా తెలియకపోవడం. 'నాగార్జునసాగర్' పైథాన్ లెక్కలో 14, కంటికి ఏడు అక్షరాలు. సంకేతాలను లెక్కపెట్టి వెడల్పు అంచనా వేయడం తెలుగులో కుదరదు. హార్ఫ్‌బజ్‌ను పైథాన్ నుంచి పిలిచే యూహార్ఫ్‌బజ్ ఉంది. ఫాంటు ఫైలునూ మాటనూ ఇస్తే కూర్చిన ముద్రలను, ఒక్కోదాని వెడల్పును ఇస్తుంది. కూడితే చాలు. ఈ చిన్న ఫంక్షనే బ్రౌజరు అవసరాన్ని పూర్తిగా తీసేసింది.

నిలువు చోటు ఇంకో సంగతి. 'కృష్ణా', 'తుంగభద్ర' లాంటి మాటల ఒత్తులు గీత కిందికి దిగుతాయి, గుడులు తల పైకి లేస్తాయి. ఆంగ్లానికి సరిపోయే పంక్తి ఎడం మనకు ఇరుకు. అక్షరం ఎత్తుకు 1.6 రెట్లు ఇచ్చాక ఊపిరి ఆడింది. నిలువు మధ్యకు సర్దే ఎస్‌వీజీ గుణం ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రకంగా పనిచేస్తుంది. దాని జోలికి పోకుండా అక్షరాల అడుగు గీతను నేనే లెక్కగట్టి ఇస్తున్నాను. ఫాంటు: పేర్లకు రామభద్ర, మిగతా వాటికి నోటో సాన్స్ తెలుగు. రెండూ స్వేచ్ఛగా వాడుకోగలిగినవే.

ఆగస్టు నెలాఖరు: రెండు ప్రతులు

ఒకే ఎస్‌వీజీ నుంచి రెండు ఫైళ్ళు తయారవుతున్నాయి.

ఫోను ప్రతిలో మాటలు మాటలుగానే ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. ఎస్‌వీజీని పేజీలో బొమ్మగా పెట్టినప్పుడు బయటి ఫాంటును అది తెచ్చుకోలేదు కనుక ఫాంటును ఫైల్లోనే పొదిగాను. ఫాంట్‌టూల్స్‌తో పటంలో వాడిన అక్షరాల మేరకే కత్తిరించాను. అలా కత్తిరించేటప్పుడు కూర్పు నియమాలన్నిటినీ ఉంచమని చెప్పడం అవసరం, ఒత్తులన్నీ వాటి మీదే ఆధారపడ్డాయి.

ముద్రణ ప్రతి వేరు. ప్రెస్సు కంప్యూటర్లో మన ఫాంటు ఉంటుందన్న నమ్మకం లేదు. వెక్టర్ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌ను కమాండ్ లైను నుంచి పిలిచి, అక్షరాలను గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇమ్మంటే ఇస్తుంది. లోపల పాంగో ఉంది కనుక కూర్పు తప్పదు. లిబ్ఆర్‌ఎస్‌వీజీ, రెస్‌వీజీ అనే అలాంటి పనిముట్లతో కూడా పోల్చి చూశాను. మూడింటిలోనూ 'శ్రీశైలం' ఒకేలా వచ్చింది. అదే పని చేసే కైరోఎస్‌వీజీని మాత్రం తెలుగు ఉన్న ఫైళ్ళకు వాడవద్దు.

నమూనా ప్రతి నిన్న వచ్చింది. స్కేలు పెట్టి కొలిస్తే సాగర్ వరుస 156 మిల్లీమీటర్లు ఉంది. నీలం రంగు తెర మీద కంటే కొంచెం ముదురుగా పడింది, ఏటవాలు గీతలు మాత్రం 0.2 మందంలో స్పష్టంగా వచ్చాయి. నీలాన్ని ఒక మెట్టు తేలిక చేసి తుది ముద్రకు పంపుతున్నాను. కోడు, శుభ్రం చేసిన పట్టిక, మట్టం-నిల్వ పట్టికలు ఒకే ఫోల్డరులో పెట్టి సంఘానికి ఇస్తాను. వచ్చే జూన్‌లో కొత్త పట్టిక పెట్టి ఒక కమాండు నడిపితే వాళ్ళ పటం వాళ్ళే తీసుకుంటారు. ఇదే చట్రంలో తర్వాత గోదావరి. అక్కడ శ్రీరాంసాగర్ 1,091 అడుగులతో మొదలుపెట్టాలి, దాని మట్టం-నిల్వ పట్టికను సరిచూసే పని ఇప్పటికే నడుస్తోంది.